వచ్చింది వానా, గాలా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా జూన్ మొదట్లో మీ మొదటి పేజీలో 'రుతుపవనాలు వచ్చేశాయ్' అని పెద్దక్షరాల్లో వేస్తారు. పక్కనే గొడుగుతో పిల్లల ఫొటో. అది చూసి మా కల్యాణదుర్గం వైపు రైతులు వేరుశనగ విత్తనక్కాయలు ఒలవడం మొదలుపెడతారు.

కేరళలో రుతుపవనాలు ప్రవేశించాయని చెప్పే ముందు వాతావరణ శాఖ 14 కేంద్రాల్లో పడిన వాననే కాదు, సముద్రం మీద పడమటి గాలి ఎంత ఎత్తు దాకా, ఎంత వేగంగా వీస్తోందో కూడా చూస్తుంది. అంటే ఆ కబురులో సగం గాలి కబురే. ఆ గాలి మా దాకా వస్తుంది, వానే రాదు. పడమటి కనుమలు ఎక్కేటప్పుడే తేమ కుమ్మరించేస్తుంది. కర్ణాటకలో ఆ కనుమల మీదున్న ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లు దాటి పడితే, కనుమలకు ఇవతల మా అనంతపురానికి దక్కేది ఏడాదంతా కలిపి 550 చిల్లర. మాకు గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే, ఈ గాలి నెమ్మదించి బంగాళాఖాతం వైపు నుంచి మబ్బు పట్టాక. జూన్, జూలైల్లో మా కొండల మీద గాలిమరలు తెగ తిరుగుతాయి. కరెంటు కంపెనీలకు అది సీజన్, మాకు టెన్షన్.

రెండేళ్ల కిందట మృగశిర కార్తెలో ఒక వాన పడింది. నాలుగు వేళ్ల పదును. పేపర్లో వార్త చూసిన ఊపులో ఐదెకరాలకు గొర్రు కట్టించి విత్తనం వేశాను. మొలక బాగానే వచ్చింది. ఆ తర్వాత పద్దెనిమిది రోజులు ఒకటే గాలి. మధ్యాహ్నం గట్టు మీద నిలబడితే ఎర్రమన్ను కళ్లల్లో కొట్టేది. సాలులో వేలు పెడితే మట్టి పిండిలా జారిపోయింది. మొక్కల మొదళ్లు ఊగిపోతున్నాయి. మా నాన్న ఉంటే తిట్టేవాడు. పడమటి గాలి మొండిగా ఉన్నన్నాళ్లు ఆయన గొర్రు బయటికి తీసేవాడు కాదు.

మీ హెడ్డింగు మానమని అనను. జూన్ నుంచి ఆగస్టు దాకా జిల్లా పేజీలో చిన్న పెట్టె ఒకటి కట్టి, నిన్న ఏ మండలంలో ఎంత వాన పడింది, రాబోయే ఐదు రోజులు గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తుంది అనేది వేయండి. వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే వ్యవసాయ బులెటిన్లో గాలి లెక్కలు ఉండనే ఉంటాయి. రోజూ కుదరకపోతే ఆ రెండు రోజుల మర్నాడైనా సరే. సినిమా పేజీలో ఒక ఫొటో తగ్గితే చోటు దొరుకుతుంది.

– ఒక వేరుశనగ రైతు, కల్యాణదుర్గం