కార్పొరేషన్ కౌన్సిల్ ముచ్చట

శీనూ,

మీ గల్లీ మోరీ పని కౌన్సిల్ల పాసైందని మీ కార్పొరేటర్ చెప్పిండు, నెలలు గడిచినా ఎవడూ గడ్డపార ముట్టలేదని రాసినవ్ గదా. ఆయన అబద్ధమాడిండని అప్పుడే తీర్పియ్యకు. పాసైంది నిజమే కావచ్చు. పాసైతే పని శురువైనట్టే అనుకునుడే తప్పు.

ముందు లోపల ఎవలుంటరో చెప్త. గ్రేటర్ వరంగల్‌కు 66 డివిజన్లు. 2016 ఎన్నికలప్పుడు 58 ఉండె, 2021కి పెంచిండ్రు. డివిజన్‌కొక కార్పొరేటర్, అందుల సగం సీట్లు ఆడోళ్లకు. 2021 ఏప్రిల్ 30న పోలింగ్ జరిగితే టీఆర్‌ఎస్‌కు 48, బీజేపీకి 10, కాంగ్రెస్‌కు 4, మిగతా 4 ఇతరులకు వచ్చినయ్. మేయర్‌కు మనం నేరుగా ఓటెయ్యం. కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు కలిసి ఎన్నుకుంటరు. మే 7న గుండు సుధారాణి గారు మేయరయింది గట్లనే. ఎక్స్ అఫీషియో అంటే ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు. మన ఊరు వరంగల్ తూర్పు, పశ్చిమతోటే ఆగది, వర్ధన్నపేట, పరకాల, స్టేషన్ ఘన్‌పూర్ నియోజకవర్గాల ముక్కలు కూడా కలిసున్నయ్. ఒక ఎమ్మెల్యే కింద రెండు మూడు పట్టణాలుంటే ఏదో ఒక దాంట్లనే సభ్యుడిగ చేరాలె. అందుకే మేయర్ ఎన్నికల 66ల సగం లెక్కేసి ఊకుంటే కుదరదు, వీళ్ల ఓట్లు కూడా కలుపుకోవాలె. కో ఆప్షన్ సభ్యులు వేరే. మున్సిపల్ వ్యవహారాల అనుభవముందని తీసుకున్నోళ్లు మాట్లాడొచ్చు గని ఓటెయ్యరాదు.

కమిషనర్, అంటే కార్పొరేషన్ ఆఫీసు నడిపే పెద్ద ఆఫీసరు, కౌన్సిల్ సభ్యుడు కాదు. కానీ ఫైలంతా ఆయన చేతులనే ఉంటది. అసలు కీలకం ఇక్కడే.

మీటింగ్ రోజు లొల్లి చూసి అంతా అక్కడనే తేలుతదనుకుంటరు జనం. తేలేది ఎజెండా తయారైనప్పుడు. ఇంజనీరింగ్ వాళ్లు పని జాగ చూసి అంచనా వేస్తరు, ఏ పద్దు నుంచి పైసలియ్యాలో రాస్తరు, కమిషనర్ సంతకంతో అది ఒక అంశమై ఎజెండాలకు ఎక్కుతది. ఎక్కని ముచ్చట జీరో అవర్‌ల (ఎజెండాల లేనివి లేవనెత్తే టైం) కార్పొరేటర్ గొంతు చించుకున్నా "చూస్తం" అనే జవాబుతోనే పోతది. ఇంకో రకం అంశాలున్నయ్: ముందే చేసిన ఖర్చుకు తర్వాత ఆమోదం అడిగేవి. వానకాలంల అత్యవసరమని చేసిన పనులు ఎక్కువ గిట్ల వస్తయ్. అన్నిటికన్న నాకు మంటెక్కేది టేబుల్ ఐటమ్. మీటింగ్ నడుస్తుండంగ కాగితం పంచుతరు, చదివే టైం ఇయ్యరు, "ఆమోదం, ఆమోదం" అని పోతది. నచ్చనోళ్లు అసమ్మతి రాసిచ్చి మినిట్స్‌ల (మీటింగ్ రికార్డుల) ఎక్కియ్యమని అడగాలె. నోటి మాట మినిట్స్‌లకు రాదు.

ఇగ పాసైనంక సంగతి. తీర్మానం నంబరు పడ్డంక పరిపాలనా మంజూరు (పనికి, పైసలకు ఒప్పుకునుడు), దానెనుక సాంకేతిక మంజూరు (ఇంజనీర్లు అంచనా ఒప్పుకునుడు), టెండరు, ఒప్పందం, వర్క్ ఆర్డర్ (పని మొదలుపెట్టుమనే కాగితం). ఇవన్నీ దాటితేనే కాంట్రాక్టర్ వస్తడు. మోరీ పనులు ఎక్కువ రెండు తాన్ల ఆగుతయ్. ఒకటి, పాత బిల్లులు రాలేదని టెండరుకు ఎవలూ రారు. రెండు, పద్దే తప్పు రాస్తరు. కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటుల 60 శాతం తాగునీళ్లకు, పారిశుద్ధ్యానికే కట్టేసి ఉంటది, అది సీసీ రోడ్డుకు పెడతనంటే అకౌంట్స్‌ల ఆపేస్తరు. సాధారణ నిధుల నుంచి తీద్దమంటే జీతాలు, కరెంటు బిల్లులు, 2019 మున్సిపల్ చట్టం చెప్పిన 10 శాతం హరిత బడ్జెట్ (చెట్లు పెంచే ఖర్చు) పోంగ మిగిలిందాన్నే 66 మంది గుంజుకోవాలె.

ఇంకొకటి చూసుకో. స్మార్ట్ సిటీ పనులు దాని సొంత కంపెనీ బోర్డు చూస్తది, భద్రకాళి బండ్ లాంటివి కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ (KUDA) చేసింది. గసుంటి వాటిమీద కౌన్సిల్ తీర్మానం చేసినా అది విన్నపమే, ఆర్డర్ కాదు.

నువ్వు చెయ్యాల్సింది చెప్త. కార్పొరేటర్‌ను పని గురించి కాదు, తీర్మానం నంబరు, తేదీ అడుగు. ఇయ్యకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టు. "మా మోరీ ఎప్పుడు కడతరు" అని రాస్తే తిప్పి పంపుతరు, అది ప్రశ్న, కాగితం కాదు. ఫలానా తేదీ మీటింగ్ మినిట్స్ నకలు, ఆ పని అంచనా పత్రం నకలు, సాంకేతిక మంజూరు నకలు, వర్క్ ఆర్డర్ నకలు అని విడివిడిగ అడుగు. పేజీకి 2 రూపాయలు తీసుకుంటరు, 30 దినాలల్ల జవాబియ్యాలె. ఆలోపు సోమవారం గ్రీవెన్స్‌ల (ఫిర్యాదులు తీసుకునే కాడ) ఒక అర్జీ వేసి రసీదు దాచుకో.

మంజూరు ఉండి వర్క్ ఆర్డర్ లేదంటే టెండరు కాడ ఆగినట్టు. మంజూరే లేదంటే పైసల కాడ ఆగినట్టు. కాగితాలు రాంగనే నాకు ఫొటో పంపు.

నీ
రాజు