సాయిల్ కార్డులో సోడియం ఎక్కడండీ?

సంపాదకులు గారికి నమస్కారం,

మా దివిసీమ శివారు పొలాల్లో వరి ఎర్రబడితే చాలు, ఇంకో కట్ట యూరియా చల్లెయ్యమని సలహా వచ్చేస్తుంది. నాగాయలంక, కోడూరు వైపు కాలువ నీళ్లు అందేదే చివరాఖర్న, ఈలోపు డ్రెయిన్లలో సముద్రం పోటు ఎగదన్ని ఉప్పునీళ్లు పొలాల దాకా వచ్చేస్తాయి, మడిలో నీళ్లు తగ్గగానే మట్టి మీద తెల్లగా పొర కట్టేస్తుంది. అక్కడ యూరియా ఒక్కటే ఏం చేస్తుంది చెప్పండి?

ఉప్పు ఎక్కువైతే మొక్క వేరు నీళ్లు తాగలేదు, అది ఒక బాధ. రెండోది, ఉప్పులో ఉండే సోడియం చూడ్డానికి పొటాషియంలా ఉండి అదే దారిన లోపలికి దూరిపోతుంది, బస్సులో ఇంకొకళ్ల సీటుకి కర్చీఫ్ వేసేసినట్టు. నేలలో పొటాష్ సరిపడా ఉంటే వేరు దాన్నే ఎంచుకుని తీసుకుంటుంది, కాల్షియం ఉంటే వేరు పొరలు గట్టిగా ఉండి సోడియం అంత తేలిగ్గా చొరబడదు. జింక్ సంగతైతే మరీను, చౌడు నేలలో జింక్ ఉన్నా పైరుకి అందదు, ముదురాకుల మీద తుప్పు మచ్చలొచ్చి పిలకలు ఆగిపోతాయి. ఆఖరి దమ్ములో ఎకరాకి 20 కిలోల జింక్ సల్ఫేట్ వెయ్యాలి, పైరు మీద లోపం కనిపిస్తే లీటరుకి 2 గ్రాములు కలిపి స్ప్రే చెయ్యాలి, భాస్వరం ఎరువుతో మాత్రం కలపకూడదు.

ఇప్పుడు అసలు విషయం. మట్టి పరీక్ష చేసి రైతుకిచ్చే, 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి, పీహెచ్, ఈసీ (మట్టిలో మొత్తం ఉప్పు ఎంతుందో చెప్పే అంకె), నత్రజని, భాస్వరం, పొటాష్, జింక్ అన్నీ ఉన్నాయి, సోడియం మాత్రం లేదు! మరి నాది పాలచౌడా (ఉప్పు పేరుకున్న నేల) కారుచౌడా (మట్టికి సోడియం పట్టేసిన నేల) అన్నది రైతుకి ఖాయంగా ఎలా తెలుస్తుంది? కారుచౌడుకి జిప్సం కావాలి, అందులో కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని నెట్టేస్తుంది, తర్వాత మంచినీళ్లు పెట్టి తీసెయ్యాలి. పాలచౌడుకి జిప్సం దండగ, నీళ్లు నిలగట్టి కడిగెయ్యడమే. ఇది తెలీక ఎవరో వేశారని వీళ్లూ వేస్తారు, డబ్బులు మట్టిలో పోసినట్టే.

ఈసీ దగ్గర ఇంకో తిరకాసుంది. 4 దాటితే ఉప్పు నేల అని పుస్తకాల్లో ఉన్న అంకె మట్టిని నీళ్లతో ముద్ద చేసి పిండిన రసానిది, ల్యాబుల్లో మామూలుగా మట్టికి రెండింతలు, ఆపైన నీళ్లు పోసి కొలుస్తారు కాబట్టి అంకె తక్కువే వస్తుంది. కార్డులో 2 చూసి హమ్మయ్య అనుకునేవాళ్లు చాలామంది, వాళ్లకి ఎవరూ చెప్పరు.

ఎరువులతో ఉప్పు పోదు, పైరు కాస్త తట్టుకుంటుంది అంతే, డ్రెయిన్లు పూడిక తియ్యకుండా ఎంత పొటాష్ వేసినా కడిగిన ఉప్పు బయటికి పోయే దారేది? అందుకని వ్యవసాయ శాఖ వాళ్లకి నా విన్నపం, కనీసం సముద్రం పక్క మండలాలకైనా సోడియం టెస్ట్, ఎకరాకి ఎంత జిప్సం కావాలన్న లెక్క కార్డులో కలపండి, బాపట్లలో చౌడు నేలల మీద పనిచేసే రీసెర్చ్ సెంటర్ దగ్గర్లోనే ఉందిగా. జిప్సం, జింక్ రైతు సేవా కేంద్రాల్లో దమ్ముకి ముందే ఉండాలి. నాట్లు పడ్డాక జిప్సం వచ్చినా ఆ సార్వాకి పనికిరాదు.

ఇట్లు,
దివిసీమ నుంచి ఒక కౌలు రైతు