తేల్చుకోని ఓటరు గోడమీద పిల్లి కాదు

సంపాదకుల వారికి,

నమస్కారములు. అమెరికా అధ్యక్ష ఎన్నికల తీరుపై ఇటీవల మీ సంపాదకీయ పుటలో వచ్చిన వ్యాసంలో, చివరి వారం దాకా ఎవరికి ఓటు వేయాలో తేల్చుకోలేకపోయినవారిని ‘గోడమీద పిల్లులు’ అన్నారు. వ్యాసకర్త చెప్పిన మిగతా విషయాలతో నాకు పేచీ లేదు. 2024 నవంబరులో నేనూ అటువంటి పిల్లినే కనుక ఆ ఒక్క మాట దగ్గర ఆగవలసి వచ్చింది. గోడమీది పిల్లి ఎటు లాభముంటే అటు దూకుతుంది. ఆ అక్టోబరు నెలంతా మా ఇంట్లో జరిగింది అది కాదు.

నేను చాలా ఏళ్లుగా నార్త్ కరొలినాలోని క్యారీ పట్టణంలో ఉంటున్నాను. పౌరసత్వం వచ్చాక నేను వేసిన మొదటి అధ్యక్ష ఓటు అదే. యాభై రాష్ట్రాలున్నా అసలు పోటీ ఏడింటిలోనే అని మీ పత్రికే పలుమార్లు రాసింది. అధ్యక్షుణ్ని తేల్చే రాష్ట్రాలవారీ ఓట్లలో, అంటే ఎలక్టోరల్ ఓట్లలో, పదహారు ఉన్న మా రాష్ట్రం వాటిలో ఒకటి. 2000లో ఫ్లోరిడా 537 ఓట్ల తేడాతో, 2020లో జార్జియా 11,779 ఓట్ల తేడాతో తేలిన సంగతి రెండు పార్టీలకూ గుర్తుంది కాబట్టి, మా తపాలా పెట్టెలో రోజుకు నాలుగైదు కరపత్రాలకు తక్కువ ఉండేవి కావు. వాటిని చదివి మనసు మార్చుకున్నవారు ఎవరూ నాకు తారసపడలేదు.

మనసు పెట్టి చదివిన కాగితం ఒక్కటే, నమూనా బ్యాలెట్. ఎన్నికల కార్యాలయం వెబ్‌సైటు నుంచి దించుకుని, భోజనాల బల్ల మీద పరచి, నేనూ మా శ్రీమతీ రెండు మూడు రాత్రులు దానితో కూర్చున్నాం. ఒక్క గుర్తుతో పార్టీ మొత్తానికి ఓటు వేసే సౌకర్యాన్ని మా రాష్ట్రం 2014 నుంచి తీసివేసింది. అధ్యక్షుడు, గవర్నరు, అటార్నీ జనరల్, న్యాయమూర్తులు మొదలుకొని చివరికి నేల, నీటి సంరక్షణ బోర్డు సభ్యుడి దాకా ఎవరి పేరు పక్కన ఉన్న గడిని వారికే విడివిడిగా నింపాలి. ఆ చిట్టచివరి పదవి చేసే పని ఏమిటో తెలుసుకోవడానికే మాకు అరగంట పట్టింది. ఆ అరగంట నాకు మేలు చేసిందనే అంటాను, ఎందుకంటే ఆ తరవాత పైనున్న పదవుల గురించీ అదే ప్రశ్న వేసుకున్నాం. ఈ మనిషి మంచివాడా కాదా అన్నది పక్కన పెట్టి, నేను బాధపడుతున్న విషయం ఈ కుర్చీలో కూర్చునేవారి చేతిలో ఉందా లేదా అని చూడటం మొదలుపెట్టాం.

ధరల సంగతే చూడండి. 1980 అక్టోబరు 28న, పోలింగుకు సరిగ్గా వారం ముందు జరిగిన చర్చలో రోనాల్డ్ రీగన్ ఓటర్లను అడిగిన ప్రశ్న ఒకటుంది: నాలుగేళ్ల కిందటి కంటే మీరు ఇప్పుడు బాగున్నారా? తేల్చుకోని ఓటరు చేతికి ఇప్పటికీ మొదట అందే తూకపు రాయి అదే. 2022 జూన్‌లో 9.1 శాతానికి చేరిన ద్రవ్యోల్బణం 2024 సెప్టెంబరు నాటికి 2.4 శాతానికి దిగిందని ఒక పక్షం చెప్పుకుంది. అది నిజమే అయినా దిగింది పెరుగుదల వేగమే తప్ప పెరిగిన ధర కాదు కాబట్టి, ఆ లెక్క బజారులో ఎవరికీ ఊరట కాలేదు. మా ఇంట్లో ఈ కోపం అన్నిటికంటే గట్టిగా రగిలింది 2023 జులైలో. సోనా మసూరి బియ్యం కోసం ఇండియన్ స్టోరు ముందు వరస కట్టి, మనిషికి ఒక్క బస్తానే అంటే ఆ ఒక్కటే రెండింతల ధరకు తెచ్చుకున్నాం. ఆ ఏడాది కోడిగుడ్లు, పాలు, అద్దెల మీది చిరాకంతా ఆ బస్తాతో కలిసి ఒకే ముద్ద అయి, వాషింగ్టన్‌లో ఉన్న ప్రభుత్వం మీదకు పోయింది. బల్ల దగ్గర కూర్చుని నెమ్మదిగా విడదీసి చూస్తే, ఆ బియ్యం కొరత జులై 20న బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించిన ఢిల్లీ వల్ల వచ్చింది. ఆ నిషేధాన్ని 2024 సెప్టెంబరు చివర్లో ఎత్తివేసిందీ ఢిల్లీయే. జో బైడెన్‌కు గానీ, కమలా హ్యారిస్‌కు గానీ ఆ బస్తాతో సంబంధం లేదు. అలాగని ధరల విషయంలో వారిని పూర్తిగా వదిలేశామని కాదు. బియ్యాన్ని ఆ పద్దు నుంచి తీసివేశాం, అంతే.

గ్రీన్ కార్డుల విషయంలో మాత్రం మేం ఇంత జాగ్రత్త పడలేదు. మా బావమరిది ఆ వరసలో ఎన్నో ఏళ్లుగా ఉన్నాడు. 2024 జూన్‌లో డోనాల్డ్ ట్రంప్ ఒక పాడ్‌కాస్టులో, ఇక్కడి కళాశాలల్లో పట్టా పొందిన విదేశీ విద్యార్థులకు పట్టాతోపాటే గ్రీన్ కార్డు రావాలన్నారు. ఆ వీడియో తెలుగువారి వాట్సాప్ గుంపుల్లో ఎన్నిసార్లు తిరిగిందో చెప్పలేను. ఆ మాటకు ఆయన ప్రచార బృందమే వెంటనే షరతులు జోడించిన సంగతి మాత్రం అంతగా తిరగలేదు. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఉద్యోగాధార గ్రీన్ కార్డులు ఇవ్వరాదన్న నిబంధన కాంగ్రెస్ చేసిన చట్టంలోనిది. అధ్యక్షుడు ఎవరైనా సంతకంతో దానిని చెరిపేయలేరు. అదే అధ్యక్షుడు సంతకంతో చేయగలిగిన పనులు వేరే ఉన్నాయని 2025 సెప్టెంబరు 19న, కొత్త హెచ్‌1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు అందరికీ తెలిసివచ్చింది. ఓటు వేసే ముందు మేం తూచవలసింది ఆయన ఇవ్వలేనిదాన్ని కాదు, ఆపగలిగినదాన్ని.

తేల్చుకోనివారి మనసు గురించి పరిశోధకులు చెప్పినది కూడా ఒకటి ఇక్కడ చెప్పాలి. 1940లో ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం, రూజ్‌వెల్ట్, విల్కీల మధ్య అధ్యక్ష పదవికి పోటీ జరుగుతుండగా దాదాపు ఆరువందల మందిని మే నుంచి నవంబరు దాకా మళ్లీ మళ్లీ కలిసి ప్రశ్నించింది. ఎక్కువమంది ముందే తేల్చుకున్నారు. ఆలస్యంగా తేల్చుకున్నవారిలో ఆసక్తి తక్కువవారు కనిపించారన్న మాట మీ వ్యాసకర్తకు అనుకూలమైనదే, నేను దాన్ని దాచను. కానీ వారిలోనే, మతం ఒక పార్టీ వైపు, ఆదాయం మరో పార్టీ వైపు లాగినవారూ ఉన్నారు. రెండు తాళ్లకు కట్టిన మనిషి కదలకుండా ఉంటే బద్ధకం అనుకోవడం తేలిక. మా వీధిలో చిన్న వ్యాపారం చేసుకునే ఒకాయన పన్నుల విషయంలో ఒక పార్టీ వైపు, ఆడపిల్లల తండ్రిగా మరో పార్టీ వైపు ఉండేవారు. ఆయన అడిగింది ఎవరికి వేయాలని కాదు, అసలు వేయాలా మానాలా అని. సర్వేలవారు ఇద్దరి పేర్లూ చెప్పి ‘ఎటు?’ అని అడిగితే, ఈ మూడో దారిలో ఉన్నవారు లెక్కలోకి రారు.

ఈ తూకం ఎంత పట్టింపుగా జరిగిందో ఫలితాలు చూస్తే తెలుస్తుంది. మా రాష్ట్రంలో ట్రంప్ దాదాపు 1.83 లక్షల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. అదే రోజు అదే కాగితం మీద గవర్నరు పదవికి డెమోక్రాట్ జోష్ స్టైన్ ఎనిమిది లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆయనపై పోటీ చేసిన రిపబ్లికన్ మార్క్ రాబిన్సన్‌ను పార్టీ పేరు చూసి కాక మనిషిని చూసి కాదనుకున్నవారు అందులో లక్షల్లో ఉన్నారన్నమాట. అరిజోనాలో గర్భస్రావ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే ప్రతిపాదనకు 61 శాతానికి పైగా ఓటర్లు అవునన్నారు, అధ్యక్షుడిగా ట్రంప్‌ను ఎన్నుకున్నారు, సెనేట్‌కు డెమోక్రాట్ రూబెన్ గలెగోను పంపారు. 2022లో సుప్రీంకోర్టు ఆ హక్కును రాష్ట్రాలకు వదిలేసింది కాబట్టి, దాన్ని రాష్ట్రపు గడిలోనే తేల్చుకుని, అధ్యక్షుడి గడిని ధరలకో సరిహద్దుకో కేటాయించినవారు వీరు. ఆ తీర్పు నాకు నచ్చిందా లేదా అన్నది వేరు సంగతి. ఏ సరుకును ఏ తక్కెడలో వేయాలో వీరికి తెలుసు.

ఇక మనిషిని తూచడం. ఇక్కడ నాకు 1992 అక్టోబరు 15న రిచ్‌మండ్‌లో, ఎటూ తేల్చుకోని ఓటర్లనే కూర్చోబెట్టి జరిపిన చర్చ గుర్తుకొస్తుంది. జాతీయ రుణం మీ మీ సొంత జీవితాలను ఎలా తాకిందని ఒక మహిళ అడిగింది. అప్పటి అధ్యక్షుడు జార్జి బుష్ ఆ చర్చలోనే చేతి గడియారం చూసుకుంటూ కెమెరాకు చిక్కారు. ప్రశ్న తనకు సరిగా అర్థం కాలేదని కూడా అన్నారు. ఆయన ప్రత్యర్థి బిల్ క్లింటన్ నాలుగడుగులు ముందుకు వేసి, మిమ్మల్ని ఎలా తాకిందో చెప్పండని ఆమెనే అడిగారు. దాన్ని నటన అన్నవారున్నారు. నటనైనా, ప్రశ్నను విన్నవాడి నటన అది. 2024లో నేను చూసినవి కూడా ఇటువంటి రెండు క్షణాలే. ఆరోగ్య బీమాకు మీ ప్రణాళిక ఏమిటంటే, ప్రణాళికకు సంబంధించిన ఆలోచనలు ఉన్నాయని ట్రంప్ సెప్టెంబరు 10న ఫిలడెల్ఫియా చర్చలో అన్నారు. బైడెన్ కంటే భిన్నంగా ఏం చేసేవారని అక్టోబరు 8న ఒక టీవీ కార్యక్రమంలో అడిగితే, ఏమీ తోచడం లేదని హ్యారిస్ అన్నారు. రెండు జవాబులూ విని మా శ్రీమతి టీవీ కట్టేసి, నమూనా బ్యాలెట్ ఎక్కడ పెట్టారని అడిగింది.

ఇదంతా మీకు రాయడానికి కారణం ఉంది. ఆ రోజుల్లో మీ పత్రికతో సహా తెలుగు పత్రికలన్నిటిలో నేను ఎక్కువగా చదివినవి, ట్రంప్ పక్షాన ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ భార్య ఉష పూర్వికుల ఊరైన వడ్లూరులో పూజలు, తమిళనాడులో హ్యారిస్ తాతగారి ఊరు తులసేంద్రపురంలో అభిషేకాలు. అవి చదవడానికి బాగానే ఉంటాయి. మా అమ్మ కత్తిరించి దాచింది కూడా. కానీ ఇక్కడి తెలుగు ఓటరుకు గానీ, కొడుకునో కూతురినో ఇక్కడికి పంపబోయే తెనాలి, కరీంనగర్ తల్లిదండ్రులకు గానీ వాటివల్ల తేలేదేమీ లేదు. 2028 ఎన్నికల నాటికి, వీసా రుసుము, గ్రీన్ కార్డు కోటా, విద్యార్థుల పని అనుమతి, పుట్టిన పిల్లల పౌరసత్వం వంటి ఒక్కో విషయం అధ్యక్షుడి చేతిలో ఎంత ఉంది, కాంగ్రెస్ చేతిలో ఎంత, కోర్టుల చేతిలో ఎంత అని ఒక్క పేజీలో వేయండి. దాని పక్కనే, ప్రతి అభ్యర్థీ ఆ విషయంపై ఏమన్నారో, ఆ తరవాత ఏ షరతు కలిపారో తేదీతో సహా ఇవ్వండి. ఆ పేజీని నేనే మా వాట్సాప్ గుంపులో పెడతాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
క్యారీ, నార్త్ కరొలినా