కేన్ పేరు చెప్పి తప్పించుకున్నందుకు

ఒరేయ్ మామా,

నిన్న ఫోన్‌లో నేను చేసింది ఏం బాగోలేదు. మీ తమ్ముణ్ణి ఫుట్‌బాల్ అకాడమీ వాళ్ళు తీసేశారని నువ్వు చెప్తుంటే ఏమనాలో తోచక, "పోన్లేరా, హ్యారీ కేన్‌ని కూడా ఆర్సెనల్ వాళ్ళు తీసేశారుగా" అనేశాను. నువ్వు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆఁ, అవును" అని వేరే విషయంలోకి వెళ్ళిపోయావు. ఆ "ఆఁ, అవును" రాత్రంతా చెవిలో గింగురుమంటూనే ఉంది. పరీక్ష తప్పినవాడి దగ్గరికి వెళ్ళి ఐన్‌స్టీన్ పేరు ఎత్తినట్టుంది నా వ్యవహారం. అందుకే ఈ ఉత్తరం. మళ్ళీ ఫోన్ చేస్తే ఇంకేదో వాగేస్తానని భయం.

సరే, ఇంగ్లండ్ పెద్ద స్ట్రైకర్ కేన్ పేరు ఎత్తింది నేనే కాబట్టి ఆ కథేదో సగంలో వదలకుండా చెప్తాను. ఎందుకంటే నిన్న నేను చెప్పింది అందులో అన్నిటికన్నా పనికిరాని ముక్క. ఆర్సెనల్ క్లబ్ వాళ్ళు తీసేసింది నిజమే. కానీ అప్పటికి వాడికి ఎనిమిదేళ్ళు! పార్కుకి నడుచుకుంటూ వెళ్తుంటే వాళ్ళ నాన్న భుజం మీద చెయ్యేసి, నీతో ఒక మాట చెప్పాలి అని మొదలుపెట్టి, నెమ్మదిగా విషయం చెప్పాడట. ఏం పర్లేదు, ఇంకా గట్టిగా కష్టపడదాం, ఇంకో క్లబ్ చూసుకుందాం అన్నాడట. అంతే. కోప్పడలేదు, ఎక్కడ తప్పు చేశావని ఆరా తీయలేదు. ఇది కేనే తర్వాత ఒకచోట రాసుకున్నాడు. అప్పట్లో ఆ అకాడమీ చూసుకునే లియామ్ బ్రేడీ కూడా చాలా ఏళ్ళకి ఒప్పుకున్నాడు, కుర్రాడు కాస్త బొద్దుగా ఉండేవాడు, ఆటగాడి ఒళ్ళులా అనిపించలేదు అని. ఎనిమిదేళ్ళ పిల్లాడు బొద్దుగా ఉండక ఇంకెలా ఉంటాడురా బాబూ!

మీ వాడికి పదిహేడు. ఎనిమిదేళ్ళప్పుడు తీసేస్తే ఒక సైకిల్ కొనిచ్చి మరిపించొచ్చు. పదిహేడప్పుడు తీసేస్తే, వాడు అప్పటిదాకా ఎవరికి ఏమని చెప్పుకున్నాడో అదంతా తిరిగి మింగాలి. రెండూ ఒకటి కాదు. నిన్న ఆ తేడా నా బుర్రకి తట్టలేదు.

కాబట్టి చిన్నప్పటి సంగతులు గబగబా దాటేస్తాను. ఇంటి దగ్గరి చిన్న క్లబ్ రిడ్జ్‌వే రోవర్స్, కొన్నాళ్ళు వాట్‌ఫర్డ్, పదకొండేళ్ళకి టోటెన్‌హామ్. మీ వాడికి పనికొచ్చే కథ పదిహేడు నుంచి ఇరవై ఒకటి మధ్యది. ఆ నాలుగేళ్ళు కేన్‌ని చూసి "వీడు పెద్ద స్టార్ అవుతాడు" అని పందెం కాసేవాడు ఎవడూ లేడు. నేనైతే 2014లో కూడా, "ఇతనేం స్ట్రైకర్‌రా, ఆ పరుగు చూడు, మూటలు మోస్తున్నట్టు" అన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు, గుర్తుందా? గుర్తులేకపోతే ఇంకా మంచిది.

2011 జనవరిలో టోటెన్‌హామ్ వాళ్ళు వాణ్ణి లేటన్ ఓరియంట్‌కి లోన్ మీద పంపారు. అంటే పేరుకి ఈ క్లబ్ మనిషే, ఆడేది ఆ క్లబ్‌కి, జీతం ఎవరెంత ఇవ్వాలన్నది వాళ్ళ వాళ్ళ ఒప్పందం. ఓరియంట్ మూడో డివిజన్ క్లబ్. అకాడమీ మ్యాచ్‌కీ దానికీ పోలికే లేదు. అకాడమీలో అందరూ ఒకే ఈడు పిల్లలు, ఓడినా సోమవారం మళ్ళీ ట్రైనింగ్ ఉంటుంది. ఇక్కడ ఎదురుగా నిలబడే డిఫెండర్‌కి ముప్ఫై రెండేళ్ళు, ఇంటి లోన్ ఉంటుంది, పిల్లల స్కూల్ ఫీజులు ఉంటాయి. మ్యాచ్ గెలిస్తేనే బోనస్. అలాంటివాడు పదిహేడేళ్ళ కుర్రాడి టాలెంట్ చూసి ముచ్చటపడతాడా? మోచేత్తో పలకరిస్తాడు. అక్కడ కేన్ ఆడింది 18 మ్యాచ్‌లు, కొట్టింది 5 గోల్స్. ఫర్వాలేదు అనేలా ఉంది, అంతకన్నా ఏం లేదు.

తర్వాతది వింటే మీ వాడు నవ్వుతాడు. 2011 ఆగస్టు 25న యూరప్ క్లబ్‌ల టోర్నీ యూరోపా లీగ్‌లో హార్ట్స్ అనే టీమ్ మీద టోటెన్‌హామ్ సీనియర్ టీమ్‌లో మొదటి మ్యాచ్. రెండు మ్యాచ్‌ల పోరు అది, మొదటిదాంట్లో 5-0 గెలిచేసి ఉన్నారు కాబట్టి పెద్ద టెన్షన్ లేదు, కుర్రాళ్ళకి అవకాశం ఇచ్చారు. పెనాల్టీ వచ్చింది. తెచ్చింది కేనే, వేసిందీ కేనే. గోల్‌కీపర్ ఆపేశాడు. మ్యాచ్ 0-0. చిన్నప్పటినుంచి గోడకేసి బంతి తన్నుతూ కలలు కన్న రోజు వచ్చి, బంతి పెనాల్టీ చుక్క మీద పెట్టుకుని కొడితే ఇలా! ఆ రాత్రి వాడికి నిద్ర పట్టిందో లేదో గానీ, నాకైతే ఏడాది పట్టేది కాదు.

2012 జనవరిలో మిల్‌వాల్. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే కథకి అసలు కీలు ఇదే అనిపిస్తుంది నాకు. రెండో డివిజన్, కింది డివిజన్‌కి జారిపోతామేమోనని టీమంతా బిక్కుబిక్కుమంటున్న సమయం. ఆ స్టేడియం జనం సంగతి తెలిసిందేగా, సొంత ఆటగాడు బద్ధకిస్తే ముందు తిట్టేది వాళ్ళే. అలాంటిచోట పద్దెనిమిదేళ్ళ కుర్రాడు అన్నీ కలిపి 27 మ్యాచ్‌ల్లో 9 గోల్స్ కొట్టాడు. టీమ్ జారకుండా నిలబడింది. ఆ సీజన్‌లో క్లబ్ యువ ఆటగాడి అవార్డు వాడికే ఇచ్చారు. 9 గోల్స్ పెద్ద లెక్క కాదు. కానీ వాడి గోల్ మీద పక్కవాళ్ళ ఉద్యోగాలు ఆధారపడ్డాయి చూడు, అది అకాడమీలో ఏ కోచ్ నేర్పగలడు? మనిషినయింది అక్కడే అన్నట్టు కేన్ కూడా తర్వాత చెప్పుకున్నాడు.

అప్పుడు మిల్‌వాల్‌కి లోన్ మీద వెళ్ళింది కేన్ ఒక్కడే కాదు. టోటెన్‌హామ్ నుంచే ర్యాన్ మేసన్ అని ఇంకో కుర్రాడు కూడా వెళ్ళాడు. వీడి పేరు గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తాను.

మిల్‌వాల్ తర్వాత ఇక ఎదురేముంది అనుకుంటాం కదా. 2012లో నార్విచ్‌కి పంపారు, ఈసారి ప్రీమియర్ లీగ్ క్లబ్, అంటే అన్నిటికన్నా పై డివిజన్. వెళ్ళిన కొద్ది రోజులకే పాదం ఎముక విరిగింది. అక్కడ కొట్టిన గోల్స్ సున్నా. సీజన్ మధ్యలో మళ్ళీ మూట సర్దించి లెస్టర్‌కి పంపారు. అది రెండో డివిజన్, అంటే మళ్ళీ ఒక మెట్టు కిందికి. అక్కడ కూడా ఎక్కువ బెంచ్ మీదే, మొత్తం 2 గోల్స్. ఆ బెంచ్ మీద పక్కన కూర్చునే ఇంకొకడు ఎవరో తెలుసా? జేమీ వార్డీ! మూడేళ్ళ తర్వాత, 2015-16లో, ప్రీమియర్ లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టింది కేన్ అయితే, కప్పు ఎత్తింది వార్డీ. 2013లో మాత్రం ఇద్దరూ చలికోటు వేసుకుని కూర్చుని వేరేవాళ్ళ ఆట చూశారు.

లెస్టర్‌లో ఫ్లాట్‌లో ఒంటరిగా ఉన్నప్పుడే, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ బ్రేడీ మీద ఒక డాక్యుమెంటరీ చూశాడట. క్లబ్‌లు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే 2000 డ్రాఫ్ట్‌లో 199వ వాడిగా తీసుకున్నారు ఆయన్ని. అంటే ముందు 198 మందిని చూసి, ఇక ఎవరూ దొరక్క తీసుకున్నట్టే. అది కేన్‌కి ఎంత పట్టిందంటే, తర్వాత కుక్కని పెంచుకుంటే దానికి బ్రేడీ అని పేరు పెట్టాడు. వాడి జాతకంలో ఏదో ఉంది, చిన్నప్పుడు వద్దన్న క్లబ్‌లోని పెద్దమనిషీ బ్రేడీయే, కష్టంలో నిలబెట్టిన పెద్దమనిషీ బ్రేడీయే.

నాలుగు క్లబ్‌లు, 16 గోల్స్. ఇరవై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. నువ్వు టోటెన్‌హామ్ మేనేజర్‌వైతే ఏం చేసేవాడివి? నిజం చెప్పు. నేనైతే ఏదో ఒక రెండో డివిజన్ క్లబ్‌కి మంచి ధరకి అమ్మేసి చేతులు దులుపుకునేవాణ్ణి.

2014 ఏప్రిల్‌లో టిమ్ షెర్వుడ్ టోటెన్‌హామ్ మేనేజర్‌గా ఉన్నప్పుడు సండర్లాండ్ మీద ప్రీమియర్ లీగ్‌లో మొదటిసారి మొదటి పదకొండు మందిలో దింపారు, ఒక గోల్ కొట్టాడు. అయినా తర్వాతి సీజన్ మొదట్లో అడెబాయోర్, సోల్డాడో అనే ఇద్దరు స్ట్రైకర్ల తర్వాతే వాడి వంతు. ఆ అక్టోబర్ 23న అస్టెరాస్ అనే గ్రీస్ టీమ్ మీద యూరోపా లీగ్ మ్యాచ్ నాకు చాలా ఇష్టం. కేన్ హ్యాట్రిక్ కొట్టాడు, ఒక్కడే మూడు గోల్స్. ఇక అంతా అయిపోయిందనుకుంటుంటే గోల్‌కీపర్ లోరిస్‌కి రెడ్ కార్డ్. మార్చగలిగినవాళ్ళని అప్పటికే మార్చేశారు. ఎవరో ఒకరు గోల్‌లో నిలబడాలి. కేనే గ్లవ్స్ వేసుకుని వెళ్ళాడు. ఫ్రీకిక్ నేరుగా వాడి మీదికే వచ్చింది, పట్టుకున్నట్టే పట్టుకుని ఒంటి కిందనుంచి లోపలికి వదిలేశాడు. 5-1. హ్యాట్రిక్ కొట్టిన రాత్రే అంత సులువైన గోల్ ఇచ్చుకున్నవాణ్ణి నేనింకెవర్నీ చూళ్ళేదు.

ఇంకో పది రోజులకి, నవంబర్ 2న, ఆస్టన్ విల్లా మీద సబ్‌గా దిగాడు. స్కోరు 1-1, తొంభయ్యో నిమిషం, ఫ్రీకిక్. కొట్టాడు. బంతి అడ్డంగా గోడలా నిలబడ్డవాళ్ళలో ఒకడికి తగిలి దారి మళ్ళి లోపలికి పోయింది. అదృష్టమే, నేను కాదనను. ఇంకో జానెడు పక్కగా తగిలుంటే బయటికి పోయేది. అప్పటినుంచి వాడు టీమ్‌లో పక్కా. జనవరి 1న చెల్సీ మీద రెండు గోల్స్, ఫిబ్రవరిలో ఆర్సెనల్ మీద రెండు (అవును, అదే ఆర్సెనల్), సీజన్ మొత్తానికి 31. మార్చి 27న ఇంగ్లండ్ తరఫున లిథువేనియా మీద రూనీ బదులు దిగి, 79 సెకన్లలో తలతో గోల్ కొట్టాడు. ఆ విల్లా బంతి దారి మళ్ళకపోతే ఇదంతా జరిగేదా? జరిగేదేమో. కానీ జానెడు తేడా ఉన్న విషయాన్ని "కష్టపడితే ఫలితం దక్కుతుంది" అని చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

ఇప్పుడు మేసన్. వాడూ టోటెన్‌హామ్ కుర్రాడే. యోవిల్, డాన్‌కాస్టర్, మిల్‌వాల్, ఫ్రాన్స్‌లో లోరియాంట్, స్విండన్, ఇన్నిచోట్లకి లోన్ మీద తిరిగాడు. 2014-15లో వాడూ టీమ్‌లోకొచ్చాడు. కేన్ ఇంగ్లండ్‌కి మొదటిసారి ఆడిన నాలుగు రోజులకే, ఇటలీ మీద వాడూ ఆడాడు. చూడు, అప్పటిదాకా ఇద్దరి కథా ఒకటే. 2016లో హల్ సిటీకి వెళ్ళాడు. 2017 జనవరిలో చెల్సీ మీద ఆడుతూ బంతి కోసం ఎగిరినప్పుడు తలలు ఢీకొని పుర్రె పగిలింది. ఆపరేషన్ చేసి తలలో 14 మెటల్ ప్లేట్లు వేశారు. ఏడాది ప్రయత్నించి, 2018 ఫిబ్రవరిలో ఇరవై ఆరేళ్ళకే ఆట మానేశాడు. ఆ మధ్యకాలం మొత్తం కేన్ గోల్స్ కొడుతూనే ఉన్నాడు. మేసన్ తక్కువ కష్టపడ్డాడా?

అక్కడితో ఆగలేదులే, అదొక్కటే ఊరట. టోటెన్‌హామ్ పిల్లలకి కోచింగ్ ఇవ్వడం మొదలుపెట్టాడు. 2021 ఏప్రిల్‌లో మేనేజర్‌ని తీసేసినప్పుడు సీజన్ అయ్యేవరకు చూసుకోమని వాడికే టీమ్ అప్పగించారు. ఇరవై తొమ్మిదేళ్ళు, ప్రీమియర్ లీగ్‌లో అంత చిన్న వయసు మేనేజర్ అంతకుముందు లేడు. టీమ్ లిస్టులో కేన్ పేరు రాసేది మేసన్! మిల్‌వాల్‌లో ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో బూట్లు విప్పుకున్న ఇద్దరు.

కేన్ మాత్రం ఆ చిన్న క్లబ్‌లని మర్చిపోలేదు. 2020లో కరోనా వచ్చి అందరూ డబ్బుకి ఇబ్బంది పడుతున్నప్పుడు, లేటన్ ఓరియంట్ జెర్సీ మీద స్పాన్సర్ చోటు వాడే కొన్నాడు. కొని తన పేరు వేసుకోలేదు. ఒక జెర్సీ మీద కరోనా సమయంలో పనిచేసినవాళ్ళకి థాంక్స్, ఒకదాని మీద జబ్బుపడ్డ పిల్లల్ని చూసుకునే సంస్థ పేరు, ఒకదాని మీద మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే సంస్థ పేరు వేయించాడు. 5 గోల్స్ కొట్టిన చోటురా అది.

ఇదంతా మీ వాడికి చదివి వినిపించమని కాదు. నీకు చెప్పాలనిపించింది. వాడికి ఇప్పుడు కావాల్సింది ఇంకో పెద్ద పేరున్న అకాడమీ కాదేమో అని నా అనుమానం. పేరు చిన్నదైనా, వారం వారం పెద్దవాళ్ళ మధ్య నిజం మ్యాచ్‌లు ఆడించే టీమ్ ఏదైనా ఉందేమో కనుక్కో. నాకు తెలిసిన ఇద్దరిని నేనూ అడుగుతాను. ఇంకో మాట, పక్కన చదువు ఆపనివ్వకు. ఇది చెప్తుంటే నాకే మా నాన్న గుర్తొస్తున్నాడు, కానీ మేసన్ తల చూశాక చెప్పకుండా ఉండలేను. అమ్మ ముందు మాత్రం నేనన్నానని చెప్పకు, వెంటనే నా పార్టీలో చేరిపోతుంది, అప్పుడు వాడు నా ముఖం కూడా చూడడు.

ఆదివారం వస్తున్నాను. కేన్ మాట ఎత్తను, ఒట్టు. వాణ్ణి బూట్లు తుడుచుకుని ఉండమను. షూటింగ్ ప్రాక్టీస్ చేద్దాం, గోల్‌లో నేను నిలబడతాను. అస్టెరాస్ మ్యాచ్‌లో కేన్ వదిలింది ఒక్కటే, నేనైతే వచ్చినవన్నీ వదిలేస్తాను. కనీసం ఒక గంటైనా వాడు నవ్వుతాడు.

ఉంటాను మరి,
నీ వాగుడుకాయ