ఫిర్యాదు: జాబితాలోంచి తీసేసిన మనిషికి మా పాపను అప్పగించారు

మేనేజర్ గారికి,

విషయం: ఒకటో తరగతి చదువుతున్న మా పాపను అనుమతి లేని వ్యక్తితో పంపించడం, ఆ తర్వాత మీ సిబ్బంది నడుచుకున్న తీరు, మీరు ఫిర్యాదును మూసేసిన పద్ధతి.

అయ్యా,

"పాప క్షేమంగా ఇంటికి చేరినందున మీ ఫిర్యాదును ముగిస్తున్నాం" అని మీ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. దానికి ఇది నా జవాబు. ఫిర్యాదు ముగియలేదు. నేను రాసింది మీలో ఎవరూ పూర్తిగా చదివినట్టు లేదు, అందుకే మొదటి నుంచీ మళ్లీ చెబుతున్నాను.

మా పాప చదివే బడిలో తరగతులు అయ్యాక పిల్లల్ని చూసుకుని ఇంటివాళ్లకు అప్పగించే పని బడివాళ్లు మీకు ఇచ్చారు. పాపను ఎవరెవరు తీసుకెళ్లొచ్చో మీ యాప్‌లో నమోదు చేయమన్నారు. బడి తెరిచినప్పుడు నాలుగు పేర్లు ఇచ్చాం. మూడు నెలల కిందట అందులో ఒక పేరు తీసేశాం. "మార్పు నమోదైంది" అని వెంటనే మెసేజ్ వచ్చింది, దాని స్క్రీన్‌షాట్ జత చేస్తున్నాను. ఆయన పేరు ఎందుకు తీసేశామన్నది మా ఇంటి విషయం. తీసేశామన్నది మాత్రం మీరు పట్టించుకోవాల్సిన విషయం.

గత మంగళవారం సాయంత్రం 4:15కి నేను గేటు దగ్గరికి వెళ్లాను. పాప లేదు. "ఇందాకే వెళ్లిపోయింది కదండీ" అన్నారు మీ ఉద్యోగిని. ఎవరితో అని అడిగితే ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఒక కాగితం తీసి, వేలు పెట్టి పేరు చూపించారు. మేము తీసేసిన పేరే. ఆ కాగితం పైన ఉన్న తేదీ బడి తెరిచిన వారానిది. అంచులు నలిగి, మడత దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. అంటే మేము యాప్‌లో ఏం మార్చినా అది గేటు దాకా రావడం లేదు. ఇన్ని నెలలుగా మీ సిబ్బంది ఆ పాత కాగితం చూసే పిల్లల్ని పంపిస్తున్నారు. మాలాగా పేర్లు మార్చుకున్న కుటుంబాలు ఇంకెన్ని ఉన్నాయో మీరు ఒక్కసారైనా లెక్క చూశారా?

ఆ తర్వాత 35 నిమిషాలు నేను ఎలా గడిపానో ఇక్కడ రాయను. పాప మా ఇంటి మెట్ల మీద దొరికింది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, నీళ్ల సీసా తాడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని కూర్చుంది. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. "చూడాలనిపించింది, తీసుకొచ్చాను" అన్నాడు.

పాప నన్ను చూసి ఏడవలేదు. "నేను అడిగానమ్మా" అంది.

ఏం అడిగిందో చెబుతాను, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. మా ఇంట్లో ఒక రహస్య మాట ఉంది. అమ్మానాన్నలు కాకుండా ఎవరు తీసుకెళ్లడానికి వచ్చినా, తెలిసినవాళ్లయినా సరే, ఆ మాట చెబితేనే వెళ్లాలని పాపకు నేర్పాం. తను నేర్చుకున్నట్టే చేసింది. గేటు దగ్గర ఆయన్ని "మాటేంటో చెప్పు" అని అడిగింది. ఆయన నవ్వాడు. మీ ఉద్యోగిని కూడా నవ్వి, "పెద్దవాళ్లను అలా అడక్కూడదు తల్లీ, పేరుంది కదా, వెళ్లు" అని చెయ్యి పట్టి బయటికి పంపారు. "ఇవాళ అమ్మే వస్తానంది" అని పాప రెండోసారి కూడా చెప్పిందట. నాకు ఫోన్ చేయడానికి ఒక్క నిమిషం పట్టేది.

ఆ గేటు దగ్గర జాగ్రత్తగా నడుచుకున్నది ఆరేళ్ల పాప ఒక్కతే. తను చేసింది తప్పని మీ ఉద్యోగిని చెప్పారు. పిల్లల్ని బాధపెట్టేవాళ్లలో ఎక్కువమంది పిల్లలకు ముందే తెలిసినవాళ్లని బాలల రక్షణలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. చిన్నచిన్న హద్దులు దాటి చూస్తారు, పిల్ల వద్దన్నా పక్కనున్న పెద్దలు పట్టించుకోకపోతే ఇంకో అడుగు వేస్తారు. అందుకే పిల్ల నోటి నుంచి వచ్చే "వద్దు"కు అంత విలువ. మేము ఏడాది పాటు ఇంట్లో కూర్చోబెట్టి నేర్పినదాన్ని మీరు ఒక్క మాటతో తుడిచేశారు. ఆ రాత్రి పాప నన్ను, "ఇంక అడగకూడదా అమ్మా?" అని అడిగింది. అడగాలని చెప్పాను. మళ్లీ మళ్లీ చెబుతూనే ఉన్నాను.

మర్నాడు జరిగింది ఇంకా బాధ పెట్టింది. మీ సూపర్‌వైజర్ పాపను వరండాలోకి పిలిచి, మరో ఇద్దరు ఉద్యోగుల ముందు, "అంకుల్ నిన్నేం చేయలేదు కదా? మంచివాడే కదా?" అని అడిగారు. నాకు చెప్పలేదు, బడి టీచరుకూ చెప్పలేదు. జవాబు ప్రశ్నలోనే పెట్టి అడిగితే పిల్లలు తలూపుతారు, ముఖ్యంగా ముగ్గురు పెద్దవాళ్లు చుట్టూ నిలబడి ఉన్నప్పుడు. పిల్లల్ని అడగాల్సి వస్తే ఒక్కరే, నిదానంగా, "ఏం జరిగిందో చెప్పు" అని అడగాలి. పాప చెప్పింది పాప మాటల్లోనే, తేదీ, సమయం వేసి రాసుకోవాలి. మళ్లీ మళ్లీ గుచ్చి అడగకూడదు. నిజంగా ఏదైనా జరిగి ఉంటే మీ సూపర్‌వైజర్ ఆ రెండు ప్రశ్నలతో పాప నోరు మూయించేవారు. ఇలాంటివి సిబ్బందికి నేర్పకుండా పిల్లల మధ్యకు ఎలా పంపారు?

1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందనీ, ఆ అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలనీ చెబుతుంది. పిల్లల్ని చూసుకునే సంస్థలు భద్రతలోనూ, సిబ్బంది సంఖ్యలోనూ, వాళ్ల యోగ్యతలోనూ, పర్యవేక్షణలోనూ నిర్ణయించిన ప్రమాణాలు పాటించేలా చూడాలని 3వ అధికరణం అంటుంది. నేను అడుగుతున్నది కొత్త విషయమేమీ కాదు.

ఆ కాగితం జాబితాలన్నీ ఇవాళే తీసేయండి. కాగితమే వాడాలంటే రోజూ మధ్యాహ్నం కొత్తది అచ్చు వేసి, పాతది చించేయండి. జాబితాలో పేరున్నా సరే, పిల్ల వెళ్లనంటే అక్కడితో ఆపి, తల్లిదండ్రులకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పాకే పంపాలి. ఈ నియమాన్ని రాతపూర్వకంగా అన్ని కుటుంబాలకూ పంపండి. మంగళవారం నాటి గేటు కెమెరా దృశ్యాలు చెరిగిపోకముందే భద్రపరచి బడికి అందించండి. బాలల రక్షణకు మీ సంస్థలో బాధ్యులెవరో, వాళ్లను నేరుగా ఎలా సంప్రదించాలో చెప్పండి. అలాంటివారు లేకపోతే లేరనే రాయండి. గేటు దగ్గర పనిచేసేవాళ్ల పూర్వాపరాలు విచారించి తీసుకున్నారో లేదో, ఏం శిక్షణ ఇచ్చారో కూడా నాకు తెలియాలి. ఇంకొకటి, మీరిచ్చిన బ్యాగు ట్యాగు మీద పాప పేరు, తరగతి దూరం నుంచి కనబడేంత పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. దారిన పోయే ఎవరైనా పేరు పెట్టి పిలవొచ్చు. నేను దాన్ని తీసేశాను, మిగతా పిల్లలవీ తీయించండి.

ఆ ఉద్యోగినిని తీసేయమని నేను అడగడం లేదు. ఆమె చేతికి పాత కాగితం ఇచ్చింది మీరు. పిల్ల మాట వినాలని ఆమెకు చెప్పనిదీ మీరే. ఆమె ఒక్కరినీ పంపించేసి చేతులు దులుపుకుంటే మాత్రం ఒప్పుకోను.

పరిహారంగా ఒక నెల ఫీజు మాఫీ చేస్తామన్నారు. అది నాకు వద్దు. "ఏమీ జరగలేదు కదా" అనే మాట కూడా వద్దు. విమానయానంలో ప్రమాదం త్రుటిలో తప్పినా దాన్ని నమోదు చేసి కారణాలు వెతుకుతారు. మీ దగ్గర మంగళవారం సంఘటన ఏ పుస్తకంలోనైనా ఎక్కిందా? ఎక్కితే ఆ పేజీ నకలు పంపండి.

10 రోజుల్లోగా ప్రతి అంశానికీ రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఈ ఉత్తరం నకలు బడి ప్రధానోపాధ్యాయులకూ ఇస్తున్నాను, జవాబు రాకపోతే బాలల రక్షణ చూసే ప్రభుత్వ అధికారులకు ఇస్తాను. అప్పటిదాకా పాపను మీ గేటు దాకా రానివ్వను. బడివాళ్ల అనుమతి తీసుకున్నాను, రోజూ తరగతి గుమ్మం దగ్గరే నేను తీసుకెళ్తాను. మొదటి రోజు గుమ్మం దగ్గర పాప నన్ను కూడా మాటేంటని అడిగింది. చెప్పాకే బయటికి వచ్చింది.

ఇట్లు,
ఒకటో తరగతి విద్యార్థిని తల్లి

జత చేసినవి: యాప్‌లో పేరు మార్చినప్పటి స్క్రీన్‌షాట్, మీ మెయిల్ నకలు