మారిషస్ ప్రయాణం గురించి అమ్మలుకు

రాజమహేంద్రవరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకు నాన్న ఆశీర్వదించి రాయునది.

సంక్రాంతి సెలవుల్లో మారిషస్ వెళ్దామనుకుంటున్నామని ఫోనులో చెప్పి, నీకు తెలిసిందేదైనా ఉంటే చెప్పు నాన్నా అని అడిగావు. ముప్పై ఏళ్ళు భూగోళం పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి రెండు ముక్కల్లో తేల్చడం నా వల్ల కాలేదు; అందుకే ఈ ఉత్తరం.

మొట్టమొదట, సంక్రాంతికి వద్దు. ఆ దీవి భూమధ్యరేఖకు దక్షిణాన 20 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి మనకు చలికాలమైనప్పుడు అక్కడ వేసవి. అయితే అక్కడ వేసవీ వానాకాలమూ ఒకటే, పైగా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల భయం ఉంటుంది, అందులోనూ జనవరి, ఫిబ్రవరి నెలల్లో జోరు ఎక్కువ. ఎండ కోసం వెళ్ళి హోటల్ గదిలో కిటికీ దగ్గర కూర్చోవడమెందుకు? దసరా సెలవులకు పెట్టుకోండి. అక్టోబరులో అక్కడ ఏడాది మొత్తంలోనే వాన తక్కువ, ఉక్క కూడా అప్పటికింకా ముదరదు.

అల్లుడుగారు చూపించిన హోటళ్ళు చాలావరకు తూర్పు తీరంలో ఉన్నాయి. అవి బాగానే ఉంటాయి కానీ, ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలు నేరుగా తగిలేది ఆ వైపే. ఆ గాలి దీవి నడుమ ఉన్న మిట్టను ఎక్కేటప్పుడు తేమంతా అక్కడే కురిపించేస్తుంది, అందుకే మిట్ట మీది క్యూర్‌పీప్ పట్టణం తరచూ మబ్బులోనూ ముసురులోనూ ఉంటుంది, కొండలు దాటిన పడమటి తీరం మాత్రం పొడిగా, ఎండగా ఉంటుంది. కాబట్టి ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ దగ్గరో, ఇంకా దక్షిణాన లె మోర్న్ కొండ కిందో బస చూడండి. దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ పెద్ద అలలను దూరంగానే ఆపేస్తుంది, లోపలి నీరు చాలాచోట్ల చెరువులా నిలకడగా ఉంటుంది, బుజ్జిగాడు భయం లేకుండా దిగవచ్చు. వాడి కాళ్ళకు రబ్బరు చెప్పులు మాత్రం తప్పనిసరి, ఆ నీళ్ళ అడుగున ముళ్ళున్న జీవులు ఉంటాయి.

అగ్నిపర్వతం చూపిస్తానని వాడికి మాట ఇచ్చావట. పొగలు కక్కేదాన్ని చూడాలంటే పక్కనున్న, ఫ్రాన్స్ ఏలుబడిలోని రీయూనియన్ దీవికి వెళ్ళాలి. దాన్ని ఈ ప్రయాణంలో ఇరికించవద్దు. మారిషస్‌లోని అగ్నిపర్వతం ఏనాడో నిద్రపోయింది. క్యూర్‌పీప్‌లో ట్రూ ఓ సెర్ఫ్ అనే దాని పాత నోరు ఉంది, చెట్లు కప్పేసిన పెద్ద గుంటలా కనిపిస్తుంది. షమరెల్‌లో రంగురంగుల మట్టి దిబ్బలున్నాయి; లావా రాయి కుళ్ళి మట్టిగా మారినప్పుడు మిగిలిన ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల వల్ల ఆ రంగులు వచ్చాయి. రెంటికీ కలిపి ఒక్క రోజు చాలు.

అసలు సంగతి మరొకటి ఉంది. భూమి లోపల ఏ వేడి చోటు మీద మారిషస్, రీయూనియన్ దీవులు పుట్టాయో, దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట మన దేశం దాని మీదుగా ఉత్తరానికి జరుగుతున్నప్పుడు దక్కను లావా పొరలు పరుచుకున్నాయి. ఆ లావా పాత నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి మన గోదావరి ఒడ్డుకు చేరిందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం. చిన్నప్పుడు పంగిడి క్వారీలో నువ్వు ఏరుకొచ్చిన నల్లరాయి అదే. వాళ్ళ నల్లరాయీ మన కంకరా ఒకే కొలిమిలోవని బుజ్జిగాడికి చెప్పు.

ఒక రోజు మాత్రం సముద్రం మాని పోర్ట్ లూయీకి వెళ్ళండి. అక్కడి ఆప్రవాసీ ఘాట్ మెట్ల మీదుగా, 1834 తరువాత కూలి ఒప్పందాల మీద దాదాపు అయిదు లక్షల మంది దిగారు, వారిలో అత్యధికులు మన దేశస్థులే. యునెస్కో 2006లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన కోరంగి రేవు నుంచి కూడా ఓడలెక్కి వెళ్ళారు కాబట్టి తెలుగువాళ్ళను అక్కడ కొరింగీలు అనేవారు. మా తాతగారిది ఆ కోరంగి దగ్గరి తాళ్ళరేవు ప్రాంతం. ఓడెక్కి మళ్ళీ రానివాళ్ళ కబుర్లు ఆయన దగ్గర వింటూ పెరిగాను. చెరకు తోటల నడుమ గుట్టలుగా పేర్చిన నల్లరాళ్ళు కనిపించినప్పుడు కారు ఒక్క నిమిషం ఆపించు. నేలను సాగుకు తెచ్చేందుకు ఆ కూలీలు చేతులతో ఏరి పోసిన లావా రాళ్ళవి. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. ఎవరైనా తమ ఇంటిపేరు అప్పన్న అని చెబితే నవ్వకు. ఓడ దిగినప్పుడు తాతముత్తాతల పేరుగా రాసుకున్నదే అలా ఇంటిపేరుగా నిలిచిపోయింది.

భోజనానికి ఇబ్బంది ఉండదు, పప్పు కూరిన ధాల్‌పూరీ వీధివీధినా అమ్ముతారు. బళ్ళు మనలాగే ఎడమ పక్కన నడుపుతారు. టికెట్లు తీసుకునే ముందు బుజ్జిగాడి బడిలో దసరా సెలవుల తేదీలు రాతపూర్వకంగా కనుక్కో, పోయినేడు వాళ్ళు చివరి నిమిషంలో మార్చారు కదా.

మీ అమ్మ ఆశీస్సులు పంపుతోంది.

ఇట్లు,
మీ నాన్న