చాట్ గదికి వేసిన తాళం వీడియోకు పడదు

సంపాదకులకు,

సొంత చాట్ సర్వర్ పెట్టుకుంటే అన్నీ ఎన్‌క్రిప్ట్ అవుతాయన్న, అంటే బయటివాళ్లు చదవలేని రూపంలోకి మారతాయన్న సలహా టెక్నాలజీ పేజీల్లో తరచూ కనిపిస్తోంది. ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసిన గదిలో సందేశాల వరకు అది నిజమే. అదే గదిలో తెరుచుకునే గ్రూప్ వీడియో కాల్ సంగతి వేరు. ఎవరైనా సొంత సర్వర్ పెట్టుకోగల మ్యాట్రిక్స్ అనే చాట్ వ్యవస్థ మీద నడిచే ఎలిమెంట్ యాప్‌నే చూడండి.

ఇద్దరి కాల్‌ను ఎలిమెంట్ తానే నడుపుతుంది. గ్రూప్ కాల్‌కు మాత్రం చాలా చోట్ల ఇప్పటికీ జిట్సీ అనే వీడియో సమావేశాల ప్రోగ్రామ్ విడ్జెట్టే దిక్కు. విడ్జెట్ అంటే చాట్ కిటికీలో పొదిగిన మరో వెబ్ పేజీ, అంతే. వీడియో బటన్ నొక్కగానే గదిలో ఒక చిన్న రికార్డు పడుతుంది. విడ్జెట్ రకం, తెరవాల్సిన చిరునామా, జిట్సీ సర్వర్ పేరు, ఆ కాల్‌ను గుర్తించే కాన్ఫరెన్స్ ఐడీ అందులో ఉంటాయి. మిగతా సభ్యుల యాప్‌లు దాన్ని చదివి అదే పేజీని తెరుస్తాయి. ఈ రికార్డు రాయడానికి మామూలుగా 50 పవర్ లెవెల్, అంటే మోడరేటర్ హోదా కావాలి. కొత్త సభ్యుడికి బటన్ మసకగా కనిపించడానికి కారణం చాలాసార్లు అదే.

గదికి ఎన్‌క్రిప్షన్ ఉన్నా ఆ రికార్డు మాత్రం ఎన్‌క్రిప్ట్ కాదు. ఏ జిట్సీ సర్వర్‌లో, ఏ ఐడీతో కాల్ నడుస్తోందో చాట్ సర్వర్ నిర్వాహకుడు చూడగలడు. ఇక వీడియో దారి పూర్తిగా వేరు. ముగ్గురు చేరగానే అది జిట్సీ వీడియోబ్రిడ్జ్ గుండా, అంటే ఒకరి వీడియోను మిగతావాళ్లకు అందించే సర్వర్ గుండా పోతుంది. దారిలో ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, కానీ బ్రిడ్జ్ దగ్గర విప్పి మళ్లీ కడతారు. కాబట్టి ఆ బ్రిడ్జ్ ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. ఈ చివరి నుంచి ఆ చివరి వరకు ఎన్‌క్రిప్షన్ జిట్సీలో ఉన్నా, దానంతటది ఆన్ కాదు.

ఇంకో చిక్కు: గది నుంచి తీసేసిన మనిషి కాన్ఫరెన్స్ ఐడీ దాచుకుంటే బ్రౌజర్‌లోంచి నేరుగా కాల్‌లోకి రావచ్చు. చాట్ సభ్యత్వం గురించి జిట్సీకి తెలియదు మరి. దీనికి మందు ఉంది. చాట్ సర్వర్ ఇచ్చిన టోకెన్‌ను (గుర్తింపు చీటీ లాంటిది) జిట్సీలో భాగమైన ప్రోసడీ అనే ప్రోగ్రామ్ సరిచూసి, గది సభ్యులనే లోపలికి పంపేలా అమర్చవచ్చు. మ్యాట్రిక్స్ వాళ్లు ఇందుకోసం యూజర్ వెరిఫికేషన్ సర్వీస్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇచ్చారు. సొంత జిట్సీ పెట్టి ఈ పని వదిలేస్తే సగం పనే చేసినట్టు.

ఫిర్యాదుల్లో తరచూ వినిపించేది ఒకటుంది: ఇద్దరున్నంతసేపూ బాగానే ఉంటుంది, మూడో మనిషి రాగానే బొమ్మ, మాట రెండూ పోతాయి. చాలామంది నెట్‌ను తిడతారు. ఇద్దరే ఉన్నప్పుడు జిట్సీ వాళ్ల కంప్యూటర్లను నేరుగా కలుపుతుంది, బ్రిడ్జ్ జోలికే పోదు. మూడో మనిషితో బ్రిడ్జ్ రంగంలోకి దిగుతుంది. బ్రిడ్జ్‌కు వీడియో చేరే యూడీపీ 10000 పోర్ట్ (సర్వర్‌లోకి వచ్చే ఒక ద్వారం) సర్వర్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో మూసి ఉంటే వీడియో ఆగిపోతుంది. పోర్ట్ తెరిచినా పని జరగకపోతే, బ్రిడ్జ్ తన లోపలి ఐపీనే, అంటే బయటి నుంచి చేరలేని నెట్‌వర్క్ చిరునామానే అందరికీ చెబుతోందేమో చూడండి. ప్రోగ్రామ్‌లను విడివిడి డబ్బాల్లో నడిపే డాకర్‌లో అయితే జేవీబీ అడ్వర్టైజ్ ఐపీస్ అనే సెట్టింగ్‌లో (జేవీబీ అంటే ఆ వీడియోబ్రిడ్జే) పబ్లిక్ ఐపీ ఇవ్వాలి. ఇద్దరితో పరీక్షించి అంతా బాగుందని తేల్చేయడం అందుకే పనికిరాదు.

చాట్ కిటికీలో వీడియోకు బదులు ఖాళీ తెర వస్తే, జిట్సీ ముందున్న ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ పేజీతో పాటు బ్రౌజర్‌కు పంపే సూచనలు, అంటే హెడర్లు చూడాలి. వాటిలో ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ ఉంటే ఆ పేజీని వేరే పేజీలో పొదగడానికి బ్రౌజర్ ఒప్పుకోదు. కెమెరా రాకపోతే తాళాలు మూడు: ఆపరేటింగ్ సిస్టమ్ అనుమతి, బ్రౌజర్ అనుమతి, పొదిగిన ఫ్రేమ్‌కు ఎలిమెంట్ ఇచ్చే అనుమతి. మూడోది యాప్ చూసుకుంటుంది, మొదటి రెండూ మనవే. పేజీ హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత వెబ్ చిరునామా) మీద లేకపోతే బ్రౌజర్ అసలు అనుమతి అడిగే ప్రసక్తే ఉండదు.

ఉచితం కదా అని జిట్సీ వాళ్ల పబ్లిక్ సర్వర్‌ను పొదిగేవాళ్లకు ఒక మాట. 2023 ఆగస్టు నుంచి అక్కడ సమావేశం మొదలుపెట్టాలంటే ఎవరో ఒకరు లాగిన్ కావాలి. పొదిగిన కాల్ 5 నిమిషాలకు తెగిపోతుందన్న హెచ్చరిక కూడా చూపిస్తుంది. ఎలిమెంట్ ఏ జిట్సీ వాడాలో దాని కాన్ఫిగ్ ఫైల్‌లో (సెట్టింగులు రాసి ఉండే ఫైల్) ఒక్క పంక్తి మార్చి చెప్పవచ్చు.

ఎలిమెంట్ కాల్ అనే కొత్త పద్ధతి ఈ చిక్కుల్లో కొన్నింటిని తీరుస్తోంది. ఎన్‌క్రిప్షన్‌ను విప్పే తాళం చెవులు మ్యాట్రిక్స్ ద్వారానే సభ్యులకు చేరతాయి కాబట్టి మధ్యలోని సర్వర్ వీడియోను విప్పలేదు. కాకపోతే దానికి వీడియోను అందించే లైవ్‌కిట్ అనే సర్వర్ విడిగా పెట్టాలి, పాత యాప్‌లు అందులో చేరలేవు. మీ టెక్నాలజీ పేజీలో సొంత చాట్ గురించి రాసేటప్పుడు, వీడియో ఏ సర్వర్ గుండా పోతుందో కూడా ఒక పేరా రాయాలని కోరుతున్నాం.

ఇట్లు,
చాట్, వీడియో సర్వర్ల నిర్వాహకులు, హైదరాబాద్